దెబ్బ తగిలిన గంట నుంచి మళ్లీ మెట్లెక్కే రోజు దాకా: తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఎముకలు, కీళ్ల వైద్యంపై సమగ్ర మార్గదర్శి

ఎముకల వైద్యం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి పిండికట్టు, రాడ్డు, ప్లేటు, మోకాలి చిప్పల మార్పిడి. అవి డాక్టర్ చేతిలో ఉండేవి, చాలామంది డాక్టర్లు బాగానే చేస్తున్నారు. పేషెంటూ ఇంట్లోవాళ్లూ చేయాల్సిన పని ముందూ వెనకా ఉంటుంది: దెబ్బ తగిలిన మొదటి కొన్ని గంటలు, కట్టు విప్పాక కొన్ని నెలలు. తిరుపతిలో ఫిజియోథెరపీ చేస్తున్న నేను రోజూ చూసేది ఇదే. ఎముక చక్కగా అతుక్కుని ఉంటుంది, మోచెయ్యి మాత్రం ముడుచుకోదు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగి ఉంటుంది, మోకాలు సగం వంగి ఆగిపోతుంది. అందుకే ఈ రెండు దశల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

మొదటి గంట

పడ్డ మనిషిని "ఏం కాలేదు, లేచి నడువు" అని నిలబెట్టడం మన అలవాటు. అలా చేయొద్దు. ముందు ఉన్నచోటే ఉంచి చూడండి. చెయ్యో కాలో వంకరగా ఉన్నా, పొట్టిగా కనిపించినా లాగి సరిచేయొద్దు. ఎలా ఉంటే అలాగే ఆధారం ఇచ్చి కట్టాలి. విరిగిందనుకున్న చోటుకు పైనున్న కీలు, కిందున్న కీలు రెండూ కదలకూడదు. అంటే ముంజేయి విరిగితే మణికట్టు, మోచెయ్యి రెండూ కట్టులోకి రావాలి. మడిచిన గొడుగు, వెదురు బద్ద, మందంగా మడతపెట్టిన దినపత్రిక, ఏది దొరికితే అది వాడండి. మధ్యలో మెత్తగా టవల్ పెట్టి కట్టండి. విరిగినచోటు మీద మాత్రం ముడి వేయొద్దు.

ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి. కాసేపటికి వాపు వచ్చేస్తుంది, ఆ తర్వాత ఉంగరాన్ని కోసి తీయాల్సి వస్తుంది. ఐస్‌ని గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టి తీయండి, రెండు మూడు గంటలకోసారి మళ్లీ పెట్టండి. కాలో చెయ్యో దిండు మీద ఎత్తులో ఉండాలి. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, నూనె రాసి తోమడం, బామ్ రుద్దడం వద్దు, వాపు పెరుగుతుంది. ఆపరేషన్ పడేలా ఉంటే డాక్టర్ చూసేదాకా తిండి, కాఫీ ఇవ్వకండి. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి.

చర్మం చీలి ఎముక కనబడినా, విరిగినచోట గాయంలోంచి రక్తం వస్తున్నా అది వేరే స్థాయి కేసు. పసుపు, కాఫీపొడి అద్దకండి. శుభ్రమైన గుడ్డ కప్పి, రక్తం ఎక్కువగా కారుతుంటే గుడ్డ మీంచే గట్టిగా అదిమిపట్టి (ఎముక బయటికొచ్చి ఉంటే దాని మీద కాదు, చుట్టూ), 108కి ఫోన్ చేయండి. ఇలాంటి గాయానికి యాంటీబయోటిక్ ఎంత త్వరగా పడితే ఎముకలో చీము పట్టే ప్రమాదం అంత తగ్గుతుంది. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.

మన జిల్లాల్లో మామిడి కోతల కాలంలో చెట్టు మీంచి పడే కేసులు ఎక్కువ. కాళ్ల మీద పడ్డవాళ్లకు మడమ ఎముక నలుగుతుంది. మడమ నొప్పి ఎంత తీవ్రంగా ఉంటుందంటే, నడుము సంగతి మనిషి చెప్పడు, ఎవరూ అడగరు. అదే దెబ్బ వెన్ను దాకా వెళ్లి నడుము పూస కూడా చితికి ఉండొచ్చు. అందుకే ఎత్తు నుంచి పడి మడమ విరిగితే వెన్నుపూస కూడా చూడమని మీరే అడగండి. అలాంటి మనిషిని భుజాల కింద చేతులేసి ఎత్తకండి, బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టకండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్టు నలుగురూ కలిసి బల్ల మీదికి జరపాలి.

ఇంట్లో పెద్దవాళ్లు జారిపడితే

బాత్‌రూంలో జారిపడిన అవ్వ లేవలేకపోతోంది. ఒక కాలు కాస్త పొట్టిగా ఉంది, పాదం బయటివైపు తిరిగిపోయింది. ఇలా ఉంటే తుంటి దగ్గర ఎముక విరిగిందనే అనుకోవాలి. ఇక్కడే ఇంట్లోవాళ్లు వారం రోజులు ఆలోచిస్తారు. "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా, మంచం మీదే ఉంచి చూసుకుందాం" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ నెలలు మంచాన పడితే వచ్చేవి ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్, వీపు మీద పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు. ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఇవే. బీపీ, షుగర్, గుండె చూసి ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి, మర్నాడే వాకర్‌తో నిలబెట్టడం ఈరోజు ప్రపంచమంతా పాటిస్తున్న పద్ధతి. ఆపరేషన్ నిజంగానే చేయకూడని పరిస్థితి కొద్దిమందికి ఉంటుంది. ఆ మాట మత్తు డాక్టర్, ఫిజీషియన్ చూసి చెప్పాలి, బంధువులు తేల్చేది కాదు.

తేలికగా జారితేనే ఎముక విరిగిందంటే లోపల ఎముక గుల్లబారిందని అర్థం. ఆ అతుకు ఒక్కటే చూసి వదిలేయకుండా డెక్సా స్కాన్ (ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే పరీక్ష), ఎముక బలానికి మందుల గురించి అడగండి. విటమిన్ డి 60,000 యూనిట్ల గోలీ గానీ పొడి గానీ సాధారణంగా వారానికి ఒకటి రాస్తారు. రోజుకొకటి మింగి, కాల్షియం పెరిగిపోయి వాంతులతో ఆసుపత్రిలో చేరేవాళ్లు ఉన్నారు. చీటీ మీద వారం పేరు రాయించుకోండి.

బెణికిందా, ఎముక విరిగిందా?

చీలమండ మడతపడిన ప్రతివాళ్లకూ ఎక్స్‌రే అక్కర్లేదు. డాక్టర్లు వాడే ఒక సులువైన లెక్క ఉంది. చీలమండకు రెండువైపులా గుండ్రంగా ఉబ్బి కనిపించే ఎముకల వెనక అంచున, కొన మీద వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉందా? చిటికెన వేలి వైపు పాదం మధ్యలో తగిలే ఎముక గడ్డ మీద నొప్పి ఉందా? లోపలివైపు పాదం వంపు మీదున్న ఎముక దగ్గర? దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోతున్నారా? వీటిలో ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. ఏదీ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. క్రేప్ బ్యాండేజ్, ఐస్, నాలుగు రోజుల జాగ్రత్త సరిపోతాయి. చిన్నపిల్లలకు, కాళ్లలో స్పర్శ తగ్గిన షుగర్ పేషెంట్లకు ఈ లెక్క నమ్మొద్దు, నేరుగా చూపించండి.

చేతి మీద పడ్డప్పుడు ఇంకో మోసం ఉంది. బొటనవేలు పైకి చాపితే దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే, ఎక్స్‌రే మామూలుగా వచ్చినా నిశ్చింతగా ఉండొద్దు. అక్కడున్న చిన్న ఎముక పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. కట్టు వేసి 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీస్తారు, అవసరమైతే ఎంఆర్‌ఐ చేస్తారు. దాన్ని బెణుకని వదిలేస్తే ఎముకకు రక్తం అందక, అతుక్కోక, ఏళ్ల తరబడి మణికట్టు బాధిస్తుంది.

పుత్తూరు కట్టు సంగతి

మన దగ్గర ఎముకల గురించి రాస్తూ పుత్తూరు కట్టు ఊసెత్తకపోతే అది సగం మార్గదర్శే. పుత్తూరు దగ్గర రాచపాళెంలో తరతరాలుగా వేస్తున్న ఈ కట్టుకు ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ వాడతారు. తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. పక్కకు జరగని చిన్న పగుళ్లు, మామూలు బెణుకులు కదలకుండా ఉంచితే ఏ కట్టుకైనా మానతాయి. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. కానీ కొన్నింటిని ఏ పసరూ సరిచేయలేదు: చర్మం చీలిన విరుగుళ్లు, కీలు లోపలికి వెళ్లిన విరుగుళ్లు, తుంటి, తొడ ఎముక, వెన్ను, పిల్లల మోచెయ్యి. వీటిని నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. మిగతా వాటికి కూడా ఏ కట్టు వేయించినా ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టర్‌కు చూపించండి.

ఇక కట్టు ఎవరు వేసినా, ఎక్కడ వేసినా, పిండికట్టయినా పసరుకట్టయినా, మొదటి రెండు రోజులు ఇంట్లోవాళ్లు చూస్తూ ఉండాల్సింది ఒకటుంది. కట్టు బయటికి కనబడే వేలి గోరును గట్టిగా నొక్కండి, తెల్లబడుతుంది. వదలండి. రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబారాలి. ఎర్రబారడానికి ఆలస్యమైనా, వేళ్లు చల్లగా నీలంగా ఉన్నా, మొద్దుబారినా, కదపలేకపోతున్నా కట్టు బిగుసుకుపోయిందని అర్థం. వీటన్నింటికంటే ముందు వచ్చే గుర్తు నొప్పి. మాత్ర వేసినా తగ్గకుండా గంటగంటకూ పెరుగుతుంది. పేషెంటు వేళ్లను మీరు మెల్లగా చాపితే కేక పెడతారు. "కట్టు కొత్త కదా, నొప్పి ఉంటుందిలే" అని తెల్లారేదాకా ఆగకండి. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆగితే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. పిల్లల మోచెయ్యి పైభాగం విరిగినప్పుడు బిగుతు కట్టు వల్ల వేళ్లు గద్ద గోళ్లలా వంకరపోయి, చెయ్యి జీవితాంతం పనికిరాకుండా పోయిన కేసులు వైద్య పుస్తకాల్లోనే కాదు, మన ఊళ్లలోనూ ఉన్నాయి. రాత్రి రెండు గంటలైనా వెళ్లి కట్టు విప్పించండి. ఎముకను మళ్లీ కూర్చోబెట్టొచ్చు, చచ్చిన కండను తేలేం.

ఎక్కడికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

ప్రమాదం కేసు తిరుపతిలో అయితే రుయా ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీ రాత్రీపగలూ ఉంటుంది. తలకు దెబ్బ, కడుపులో దెబ్బ కూడా ఉంటే ఎముక ఒక్కటే చూసే చోటికి కాకుండా అన్ని విభాగాలూ ఉన్న చోటికే వెళ్లాలి. టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ల కోసమే ఉన్నది. కీళ్ల మార్పిడి, పుట్టుకతో వచ్చే వంకరలు, కృత్రిమ అవయవాలు, ఇలా ముందే అనుకుని చేయించుకునే వాటికి అక్కడికి వెళ్లేవాళ్లు ఎక్కువ. చిత్తూరు వాళ్లకు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా దగ్గరే. అయితే సీఎంసీలో ప్రమాదం కేసులు చూసే ట్రామా విభాగం ఇప్పుడు ఊళ్లోని పాత ఆసుపత్రిలో లేదు, రాణిపేట క్యాంపస్‌లో ఉంది. అంబులెన్స్ ఎక్కే ముందే అది తెలిస్తే ఒక చుట్టు తిరుగుడు తప్పుతుంది.

ఆధార్, రేషన్ కార్డు, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీ ఒక కవర్‌లో పెట్టుకోండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే అది మొదటి మాటగా చెప్పండి. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే నిన్నటి ఆరోగ్యశ్రీ, వర్తిస్తుందో లేదో చేరకముందే ఆసుపత్రిలోని పథకం డెస్క్ దగ్గర అడగండి. రోడ్డు ప్రమాదమైతే ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే కేసుగా) రాయించండి. తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు ఆ కాగితమే ఆధారం. మోకాలి మార్పిడికి వాడే ఇంప్లాంట్లకు, అంటే లోపల అమర్చే కృత్రిమ కీళ్లకు, కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ ధర పెట్టింది. బిల్లులో ఇంప్లాంట్ కంపెనీ, రకం, ధర విడిగా వేయించుకోండి. దాని స్టిక్కర్ డిశ్చార్జ్ కాగితాలకు అతికించి ఉందో లేదో చూసుకోండి. 15 ఏళ్ల తర్వాత మళ్లీ ఆపరేషన్ పడితే డాక్టర్ మొదట అడిగేది అదే.

ఆటలాడేవాళ్లకు, పరుగు ప్రాక్టీసు చేసేవాళ్లకు

కబడ్డీలోనో వాలీబాల్‌లోనో కాలు నేల మీద ఆగి ఒళ్లు తిరిగింది, లోపల టప్ మని శబ్దం వచ్చింది, గంట రెండు గంటల్లో మోకాలు ఉబ్బిపోయింది. ఇది మోకాలి లోపల లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ, తెగిందనడానికి పెద్ద గుర్తు. ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, "ఎముక బాగుంది" అని ఇంటికి పంపేస్తారు. మూడు వారాలకు వాపు పోతుంది, నడక వస్తుంది, కుర్రాడు మళ్లీ కోర్టులో దిగుతాడు. తిరిగిన ప్రతిసారీ మోకాలు జారిపోతుంటుంది. అలా జారిన ప్రతిసారీ లోపలి మెత్త చిరుగుతుంది, గుజ్జు దెబ్బతింటుంది. కాబట్టి మోకాలు జారుతోందంటే ఆట ఆపి ఎంఆర్‌ఐ చేయించండి.

లిగమెంట్ తెగిన అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఆఫీసు పని, మామూలు నడక చాలనుకునే చాలామంది కండబలం పెంచుకుని హాయిగా ఉంటున్నారు. తిరుగుడు, దూకుడు ఉన్న ఆటకు మళ్లీ వెళ్లాలనుకునే కుర్రవాళ్లకు సాధారణంగా ఆపరేషనే చెబుతారు. చేయించుకుంటే కనీసం 9 నెలలు ఆట మాట ఎత్తొద్దు. అంతకు ముందే దిగినవాళ్లలో మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువని పరిశోధనల్లో తేలింది. నెలలు గడిస్తే చాలదు, ఒంటికాలితో ఎంత దూరం గెంతగలరో రెండు కాళ్లకూ కొలిచి చూడాలి. దెబ్బతిన్న కాలు రెండో దాంట్లో 90 శాతం అయినా గెంతాలి.

కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలకు ఒక మాట. నోటిఫికేషన్ పడగానే రోజూ పొద్దునా సాయంత్రం రోడ్డు మీద పరుగెత్తడం మొదలుపెడతారు. మోకాలి కింద కాలి ముందువైపు ఎముక మీద వేలంత చోట నొప్పి, పరుగెత్తేకొద్దీ ఎక్కువై, తర్వాత రాత్రి పడుకున్నా తగ్గకపోతే అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తితే ఆ ఎముక పూర్తిగా విరగొచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఆపితే చాలావరకు మానేదాన్ని అలా ఏడాది బాధగా మార్చుకోవద్దు. తారు రోడ్డు వదిలి మట్టి ట్రాక్ మీద, వారానికి కొంచెం కొంచెంగా దూరం పెంచండి.

భుజం జారితే మైదానంలో ఎవరూ లాగి వేయకండి. నరం దెబ్బతినవచ్చు, పక్కనే ఎముక విరిగి ఉండొచ్చు.

కీళ్ల నొప్పులు, మందుల షాపు మాత్రలు

దెబ్బ తగలకుండా వచ్చే నొప్పులన్నీ అరుగుదల కాదు. పొద్దున లేవగానే చేతివేళ్లు గంటసేపు బిగుసుకుపోతుంటే అది కీళ్లవాతం కావచ్చు, రుమటాలజిస్టును (కీళ్లవాతం చూసే డాక్టర్‌ను) కలవాలి. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది గౌట్ (యూరిక్ యాసిడ్ కీలులో చేరి వచ్చే వాపు) కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు చెయ్యి పైకి లేవకుండా భుజం బిగిస్తే ఫ్రోజెన్ షోల్డర్. నడుము నొప్పి చాలావరకు ఆరు వారాల్లో తగ్గుతుంది. కానీ మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కూర్చునేచోట స్పర్శ పోయినా, పాదం వేలాడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. ఇంకా భయపెట్టేది పేరూ చీటీ లేని పొడులు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అందులో స్టిరాయిడ్ కలిపారేమోనని అనుమానించండి. ఎక్కువ కాలం స్టిరాయిడ్ వాడితే తుంటి బంతికి రక్తం ఆగి అది చచ్చిపోవచ్చు. ముప్పై ఐదేళ్ల మనిషికి తుంటి మార్చాల్సిన పరిస్థితికి కారణాల్లో ఇదొకటి, మద్యం తాగుడు ఇంకొకటి.

కట్టు విప్పాక

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది, జనం మానేసేదీ ఇక్కడే. నిజానికి పని కట్టు ఉండగానే మొదలుపెట్టాలి. మణికట్టుకు పిండికట్టు వేసిన ఆరు వారాలూ వేళ్లు పూర్తిగా ముడిచి తెరవాలి, భుజం పైకెత్తాలి. చెయ్యి మెడకు వేలాడదీసుకుని కూర్చున్న పెద్దావిడలకు మణికట్టు మానేసరికి భుజం పట్టేస్తుంది. బీడీ, సిగరెట్ ఎముక అతుకును ఆలస్యం చేస్తాయి. కాలి ఎముక గట్టిపడటానికే పెద్దవాళ్లకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, దాన్ని ఎనిమిది నెలలకు సాగదీయొద్దు.

మోచెయ్యి విషయంలో మాత్రం నా మాట గట్టిగా వినండి. బిగిసిన మోచేతిని నూనె పెట్టి తోమించడం, ఎవరిచేతనో బలవంతంగా లాగించడం, బకెట్ మోయించి చాపించడం వద్దు. మోచేతి కండ దెబ్బకు చాలా సున్నితం. అలా లాగితే కండలోనే కొత్తగా ఎముక పెరుగుతుంది, వంగే కాస్త కూడా ఆగిపోతుంది. మోచేతిని పేషెంటే తన బలంతో, నొప్పి మొదలయ్యే దాకా మాత్రమే, రోజుకు చాలాసార్లు వంచి చాపాలి.

మోకాలికి ఇంట్లో చేసుకునే వ్యాయామం చూపిస్తాను. దెబ్బ తర్వాతైనా, ఆపరేషన్ తర్వాతైనా, అరుగుదలకైనా మొదలు ఇదే. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. టవల్ చుట్టి మోకాలి కింద పెట్టండి. దాన్ని మోకాలితో కిందికి అదమండి. తొడ ముందుభాగం రాయిలా గట్టిపడాలి, చేత్తో తాకి చూసుకోండి. ఐదు సెకన్లు పట్టి ఉంచి వదలండి. ఊపిరి బిగబట్టొద్దు. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. అది సులువయ్యాక రెండో కాలు మడిచి, ఈ కాలు మోకాలు వంచకుండా అడుగు ఎత్తు లేపి అలాగే పట్టి ఉంచి దించండి. ఆ తర్వాత మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, చివరికి తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం. మోకాలి మార్పిడి అయినవాళ్లు మొదటి రెండు వారాల్లో 90 డిగ్రీల దగ్గరికి రావడానికి కష్టపడాలి. ఆ నొప్పికి భయపడి దిండు మోకాలి కింద పెట్టుకుని పడుకుంటే కాలు పూర్తిగా చాపుకోదు, కుంటు మిగిలిపోతుంది.

చీలమండ బెణికినవాళ్లు పళ్లు తోముకునేంతసేపూ ఆ ఒంటికాలి మీద నిలబడండి. బ్యాలెన్స్ తిరిగి రాకపోతే అదే చీలమండ మళ్లీ మళ్లీ మడతపడుతుంది.

కొండ మెట్లు ఎప్పుడు ఎక్కొచ్చు

నా దగ్గరికి వచ్చేవాళ్లందరి చివరి ప్రశ్న ఇదే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. రెండోది తక్కువే అయినా ఎక్కుడు ఎక్కువ, మోకాళ్ల మీద భారం వరుసగా పడుతుంది. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఎక్కుడే, తర్వాత చాలాదూరం నడక, చివర్లో మోకాళ్ల పర్వతం. ఎముక విరిగిన తర్వాతైతే అతుకు పూర్తయిందని డాక్టర్ ఎక్స్‌రే చూసి చెప్పాలి. ఆ తర్వాత ఇంటి దగ్గర మూడంతస్తులు ఆగకుండా ఎక్కి దిగి చూడండి. మర్నాడు పొద్దున మోకాలు ఉబ్బకుండా, ముందురోజుకంటే నొప్పి పెరగకుండా ఉందా? వారం పాటు అలా చేసి రెట్టింపు చేయండి. మర్నాటి వాపే మీకు కొలత. మోకాలి మార్పిడి అయినవాళ్లకు మామూలు మెట్లు ఇబ్బంది లేదు, కొండ మెట్ల గురించి మాత్రం మీ సర్జన్‌ను అడిగే నిర్ణయించుకోండి. మోకాళ్ల మీద ఎక్కే మొక్కు వాళ్లు తీర్చకూడదు.

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టండి, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. కర్ర నొప్పిలేని వైపు చేతిలో ఉండాలి. దిగేటప్పుడు మోకాలి చిప్ప వెనక ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి మొదటిసారి నడిచి ఎక్కినవాళ్లు దిగడానికి బస్సే ఎక్కండి.